వెంట్రుకవాసి మేస్త్రి

మా మావయ్యకి వర్క్‌షాపులో పెట్టిన పేరు వెంట్రుకవాసి మేస్త్రి. పెట్టినవాళ్లు వెటకారానికే పెట్టారు. లోహపు ముక్కని వేలితో తడిమి "ఒక్క వెంట్రుకవాసి ఎక్కువుంది" అనేవాడు. కొలిచి చూస్తే ఉండేది. ఎప్పుడైనా లేకపోతే కొలిచే పరికరాన్ని తిట్టేవాడు. ఇంట్లోనూ అదే గోల. తలుపు కిర్రుమంటే దాని సంగతి తేలేదాకా భోజనానికి లేచేవాడు కాదు. గోడ మీద పటం వంకరగా ఉందని, అత్తయ్య పడుకున్న మంచమెక్కి సరిచేశాడొకసారి. "నన్ను తొక్కినా ఫరవాలేదట, పటం మాత్రం తిన్నగా ఉండాలట" అని అత్తయ్య బతికున్నన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

నేను ఆయన చెల్లెలి కూతుర్ని. మా నాన్న కుడిచెయ్యి పోయాక మేం ముగ్గురం ఆయన ఇంటి వెనకగదిలో చేరాం. కొన్నాళ్ల కోసమని వచ్చి ఉండిపోయాం. అమ్మానాన్నలు పోయారు, అత్తయ్యా పోయింది. పిల్లల్లేని ఆయనా, పెళ్లి మాటెత్తితే కరవడానికొచ్చే నేనూ మిగిలాం. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని నేను బట్టలు కుట్టేదాన్ని. నా కుట్లకి వంకలు పెట్టడం ఆయనకి సాయంత్రపు కాలక్షేపం.

నాన్న చెయ్యి గురించి మాకు తెలిసింది ఇంతే. నాన్నా మావయ్యా ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. రేకులు నొక్కే ప్రెస్సు ఇరుసు విరిగి, పైనున్న బరువంతా నాన్న చేతి మీద పడింది. విచారణలో ఇరుసు పాతబడిందన్నారు, చెయ్యి అక్కడ పెట్టడం నాన్నదే అజాగ్రత్త అన్నారు. నాన్న ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటూ "నేనే ఏదో పరధ్యానంలో ఉండుంటాను" అనేవాడు. పోయేదాకా అలాగే అనుకున్నాడు. మావయ్య ఆ ఫ్యాక్టరీ మానేసి, సైన్సు పరిశోధనలు చేసే సంస్థలోని చిన్న వర్క్‌షాపులో చేరాడు. పెద్ద ఫ్యాక్టరీ వదిలి ఆ మూలకి ఎందుకు పోయాడని మేమెవరం అడగలేదు.

ఆ వర్క్‌షాపుకే ఆ పిల్ల వచ్చింది. పరిశోధన విద్యార్థిని. పట్టా చేతికి రాకముందే వర్క్‌షాపులో అందరూ ఆమెని "డాక్టరమ్మ" అనేవారు. సన్నగా, గాలేస్తే పడిపోయేలా ఉండేది గానీ మాట మాత్రం గట్టిది. మావయ్యకి అలాంటివాళ్లు నచ్చుతారు. లేకపోతే నన్నెలా భరించాడు?

ఆమెకి కావలసింది ఒక రాగి పళ్లెం. పరుగుపందాల మైదానం ఎలా ఉంటుందో ఆ ఆకారం: అటూ ఇటూ రెండు తిన్నని గోడలు, రెండు చివర్లా అర్ధచంద్రాల్లా వంపు. లోతు వేలెడు కూడా ఉండదు. పైన బిగుతుగా కూర్చునే రాగి మూత. మావయ్య దాని మీద ఎండాకాలమంతా పడ్డాడు. రాగి మొండిది, కోసే పనిముట్టుకి అంటుకుని చిరుగుతుందని రోజూ దాన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు. పళ్లెం పూర్తయిన రోజు మాత్రం తిట్టలేదు, మాట్లాడనూ లేదు. అలిసిపోయాడనుకున్నాను.

ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి డాక్టరమ్మ ఆ పళ్లెంలో గోళీలాట ఆడుతోంది. ఇదేనా మీ పరిశోధన అని అడిగేశాను. ఆమె నవ్వి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూడక్కా, ఒకే చోటునుంచి, ఒకే వైపుకి రెండుసార్లు వదుల్తాను" అంది. గోళీ గోడకి కొట్టుకుని, వంపుకి కొట్టుకుని ఒక మూల ఆగింది. రెండోసారి మొదటి రెండు దెబ్బలూ అలాగే పడ్డాయి. తర్వాత ఎటో పోయింది.

"నీ చెయ్యి అదిరింది" అన్నాను.

"అదిరింది. వెంట్రుకంత అదిరుంటుంది. ఈ ఆకారంలో తమాషా అదే. వెంట్రుకంత తేడా ఒక్కో దెబ్బకీ రెట్టింపు అవుతూ పోతుంది. కాసేపటికి రెండు గోళీలకీ సంబంధమే ఉండదు. ఆగకుండా తిరిగేదైతే ఏ మూలనీ వదలకుండా పళ్లెమంతా సమానంగా తిరిగేస్తుంది. ఎక్కడా స్థిరపడదు."

ఆమె వేలితో పళ్లెంలో ఒక దారి గీసింది. ఈ చివర వంపు కొసనుంచి తిన్నగోడ మధ్యకి, అక్కడినుంచి ఆ చివర వంపు కొసకి, మళ్లీ రెండో గోడ మధ్యకి, మళ్లీ మొదటికి. డైమండు గుర్తు పడింది. "సరిగ్గా ఈ దారిన వదిలితే గోళీ దీని మీదే తిరుగుతూ ఉంటుంది. కానీ ఎవరూ వదల్లేరు. వెంట్రుకవాసి తప్పితే జారిపోతుంది."

మావయ్య మొహం చూడాలి! తను జీవితమంతా చెబుతున్న మాట ఎవరో చదువుకున్నవాళ్ల నోట విన్నట్టు వెలిగిపోయాడు. "విన్నావా? వెంట్రుకవాసి" అని నాకేసి వేలు చూపించాడు.

"ఆగండి మేస్త్రిగారూ, అది గోళీ సంగతి" అంది డాక్టరమ్మ. "అణువులంత చిన్నవాటి లోకంలో గోళీలుండవు. అక్కడ ఏది కదిలినా అలలా కదులుతుంది. దాన్ని కంటితో చూడలేం కదా, అందుకని అదే లెక్కకి లొంగే రేడియో అలల్ని మీ పళ్లెంలో వదిలి మూత పెడుతున్నాం. లోపల చిన్న ఉక్కుపూసని పైనుంచి అయస్కాంతంతో జరుపుతూ, ఏ చోట అల ఎంత బలంగా ఉందో కొలుస్తున్నాం. గోళీలాగే అల కూడా అంతటా సమానంగా పరుచుకోవాలి కదా అనుకుంటాం. కొన్ని శ్రుతుల దగ్గర, అంటే అల కొన్ని వేగాల్లో ఊగేటప్పుడు, అలా పరుచుకోవట్లేదు."

ఒక కాగితం తీసి చూపించింది. పళ్లెం ఆకారంలో రంగురంగుల మచ్చలు. వాటి మధ్య ఎర్రగా, గాయం మానాక మిగిలిన గీతలా, అదే డైమండు గుర్తు. గోళీ ఒక్క క్షణం నిలవలేని దారిలోనే అల గుమిగూడి ఉంది. లెక్కలు కట్టేవాళ్లు కాగితాల మీద ఇలాంటి గీతలు ముందే చూశారట. నిజం పళ్లెంలో, నిజం అలతో, ఇంత స్పష్టంగా కొలిచి చూపించడం తన పని అంది. మరోచోట ఇంకో బృందం కూడా దీని వెనకే పడిందట. ముందు చూపించినవాళ్లకే పేరు.

"ఇంకో తేడా చెప్పనా?" అంది మావయ్యని ఆటపట్టిస్తూ. "ఈ అల పొడవు మూడువేళ్ల వెడల్పు. అంతకంటే బాగా చిన్నదేదీ దానికి ఆనదు. గోళీకి ప్రాణసంకటమైన మీ వెంట్రుకవాసి అలకి కనపడనే కనపడదు. మీ కష్టమంతా దానికి దండగే."

వర్క్‌షాపంతా నవ్వింది. మావయ్యా నవ్వాడు. కానీ మొదటిమాటని గుండెకి హత్తుకున్న మనిషి రెండోమాటని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. తనని ఉడికించడానికి అందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. కళ్లెదురుగా గోళీ తప్పిపోవడం చూశాక, కనపడని అలని ఎవరు నమ్ముతారు?

ఆమె పట్టా పరీక్ష రోజు వచ్చింది. పెద్ద హాల్లో అందరి ముందు తన పని వివరించాలి. వర్క్‌షాపు వాళ్లని కూడా రమ్మంది. మావయ్యకి కొత్త చొక్కా కుట్టాను. కాలరు ఒక వెంట్రుకవాసి పక్కకి ఉందన్నాడు, అయినా వేసుకున్నాడు. వెనక వరసలో కూర్చున్నాం. ముందు వరసలో ఆమెకి దారి చూపే పెద్దసారు, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, ఇంకా ఎవరెవరో. డాక్టరమ్మ మొదలుపెట్టింది. తెరమీద ఆ ఎర్రగీత పడగానే ముందువరసలో కదలిక వచ్చింది.

అంతా అయ్యాక పరీక్షకుడు ఆ రాగి పళ్లేన్ని చేతిలోకి తీసుకుని వేలితో గోడ తడిమాడు. "అద్దంలా ఉంది. ఎవరు చేశారిది?" అన్నాడు. డాక్టరమ్మ మావయ్యని చూపించింది. లేచి రమ్మన్నారు. హాలంతా చప్పట్లు.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. ఈయన్ని దొంగ అని ఎవరూ అనలేదు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకే తడుముకున్నాడు.

"కొట్టకండయ్యా" అన్నాడు. చొక్కా కాలరు పట్టుకుని లాక్కుంటున్నాడు. "అందులో గుంటుంది. పనిముట్టు జారి రాగి లేచిపోయింది. రాగితోనే అతికి నింపి నున్నగా అరగదీశాను. ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ" అని జేబులోని పెన్సిలు తీసి చిన్న గుర్తు పెట్టాడు. వంపు కొసన. సరిగ్గా ఆ ఎర్రగీత మూల తగిలే చోట.

ముందువరస వాళ్లు లేచి పళ్లెం మీదకి వంగారు.

"సార్, అది ఆవగింజలో సగం కూడా ఉండదు. అల పొడవు ఎంతుందో చూడండి. దానికది ఆనదు" అంది డాక్టరమ్మ.

"ఆనకపోవచ్చు" అన్నాడు పరీక్షకుడు. చెడ్డవాడు కాదు, మెల్లగానే అన్నాడు. "కానీ గీత మూల వచ్చి అతుకు మీదే పడిందంటే రేపు నన్నెవరైనా అడుగుతారు కదమ్మా. ఇది ఒకటి చెప్పారు. చెప్పనివి ఎన్నున్నాయో? గుంట లేని పళ్లెంలో చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాం."

పెద్దసారు ఆమె వైపు నిలబడితే సరిపోయేది. ఆయన నిలబడలేదు. పత్రికకి పంపిన వ్యాసాన్ని తనే వెనక్కి తెప్పించుకున్నాడు. తన పేరు పక్కన అతుకుల మాట రాకూడదుగా. వర్క్‌షాపు చేసినదాన్ని ఇక నమ్మలేమనీ, కొత్త పళ్లెం బయటివాళ్లతో చేయిద్దామనీ అన్నాడు. బయటంటే అనుమతులు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చూద్దామన్నారు. ఈలోగా ఆమెకిచ్చే ఉపకారవేతనం గడువు తీరింది. ఇన్నేళ్లు చదివించాం, ఇక చాలని ఇంట్లోవాళ్లన్నారు. పెట్టె సర్దుకుని వెళ్లిపోయే ముందు మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నిజం చెప్పినందుకు కోపం లేదు మేస్త్రిగారూ" అంది. "ముందు నాతో ఒక్కమాట చెప్పుంటే బావుండేది. ఒక్క పూటలో లెక్కకట్టి, నేనే వాళ్ల ముందు పెట్టేదాన్ని."

"నీతో చెబితే నా మీద జాలిపడి దాచేస్తావనుకున్నానమ్మా" అన్నాడు మావయ్య.

ఆమె మెట్లు దిగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరడిగారు నిన్ను? చప్పట్లు కొడితే దణ్ణం పెట్టి కూర్చోలేకపోయావా? ఆ పిల్ల బతుకు పాడైతే నీ సత్యం కూడు పెడుతుందా?" అని అరిచాను.

అప్పుడు చెప్పాడు. మిషను పక్కనున్న పీట మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఒకసారి చెప్పలేదమ్మలూ. మీ నాన్న ప్రెస్సు ఇరుసు లేతు మీద చేసింది నేనే. అది సన్నబడే మెడ దగ్గర పనిముట్టు గీసుకుంది. గీత. కంటికి కూడా సరిగ్గా ఆనదు. గరుకు కాగితంతో రుద్దేసి పంపించేశాను. అక్కణ్ణుంచే పగిలింది. విరిగిన ముక్క చూడగానే నాకు తెలిసిపోయింది. విచారణలో నోరు తెరవలేదు. మీ నాన్నదే తప్పని రాస్తుంటే పక్కనే నిలబడ్డాను."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మా నాన్న ఎడమచేత్తో గుండీతో పెనుగులాడడం కళ్లముందుకొచ్చింది. "నేనే పరధ్యానంలో ఉండుంటాను" అనే ఆ మాట. ఆ మాట అంటుంటే ఈయన ఎదురుగా కూర్చుని టీ తాగేవాడు. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల్ని చూశాను గానీ, ఇంత పెద్ద బండరాయిని అన్నేళ్లు నోట్లో పెట్టుకుని మాతో కలిసి భోంచేసిన మనిషిని చూడలేదు. అసహ్యమేసింది. మాకు అన్నం పెట్టిన చెయ్యి ఆయనదని గుర్తొచ్చి ఇంకా అసహ్యమేసింది. చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. కంచంలో వడ్డించి బల్ల మీద పెట్టి వెళ్లిపోయేదాన్ని.

ఆయనకి ఒకటే ధ్యాస పట్టుకుంది. ఆ గుంట నిజంగా ఆ పిల్ల పనిని పాడుచేసిందా లేదా? ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒక స్నేహితుడి షెడ్డులో మూలనున్న యంత్రం మీద రెండో పళ్లెం మొదలుపెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అప్పటికే చేతులు వణుకుతున్నాయి. చివరిదాకా తెచ్చి, వేలితో తడిమి, తుక్కులో పడేసేవాడు. మళ్లీ మొదలు. సాయంత్రం రాగి పొడితో ఎర్రబడ్డ వేళ్లు కడుక్కోవడం వంటింట్లోంచి చూసేదాన్ని. జాలిపడకూడదని గట్టిగా అనుకునేదాన్ని.

ఎట్టకేలకి ఒకటి పనికొచ్చిందనిపించింది. దాన్ని గుడ్డలో చుట్టుకుని పెద్దసారు గుమ్మంలో నిలబడ్డాడు. మరోచోటి ఆ బృందం అప్పటికే అలాంటి గీతనే అచ్చువేసి నిజమని తేల్చిందట, అందుకని పెద్దసారు కాదనలేదు. కొత్త విద్యార్థి ఒకతను కొలిచాడు.

డైమండు గీత. అదే శ్రుతి, అదే చోటు, అంతే ఎరుపు.

మావయ్య ఆ విద్యార్థి వారిస్తున్నా వినకుండా, సుత్తీ సూదిమొన ఉలీ తీసుకుని, వంపు కొసన ఒక గుంట కొట్టాడట. కొలవమన్నాడు. గీత చెక్కుచెదరలేదు. ఇంకోటి కొట్టాడు. పక్కన ఇంకోటి. ఆ విద్యార్థి భయపడిపోయాడట, ముసలాయనకి మతిపోయిందని. బొటనవేలు పట్టేంత గొయ్యి అయ్యాక గానీ అల పక్కకి కదల్లేదు.

ఆరోజు ఇంటికొచ్చి మిషను పక్కన పీట మీద కూలబడ్డాడు. చాలాకాలం తర్వాత నేనే పలకరించాను. "ఏమైంది?"

"దానికి ఆనలేదమ్మలూ" అన్నాడు. "ఆ పిల్ల చెప్పినట్టే. అల దాన్ని చూడనే లేదు."

నాలో విషం ఇంకా ఉంది. "మరి ఇరుసో?" అన్నాను.

"ఇరుసు చూసింది" అన్నాడు.

చెప్పాల్సిన చోట నోరు కుట్టేసుకున్నాడు, అక్కర్లేని చోట విప్పాడు. రెండుచోట్లా ఇంకొకళ్ల బతుకే పోయింది. ఏడుస్తాడేమో అని చూశాను. ఏడవలేదు. పీట కాలు ఒకటి పొట్టిగా ఉందని, కింద కాగితం మడిచి పెట్టాడు.

పెద్దసారు కొత్త విద్యార్థి పేరుతో వ్యాసం అచ్చువేయించాడు. డాక్టరమ్మ పేరు చివర్లో, సాయపడినవాళ్లలో, వర్క్‌షాపు పక్కన ఉందట. ఆమె ఎక్కడుందో మావయ్య కనుక్కున్నాడు. ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తోంది. తోడు రమ్మంటే వెళ్లాను. రోడ్డుకి ఇవతలే ఆగిపోయాడు. గాజు తలుపులోంచి కనపడుతోంది. ఎవరో ముసలామెకి ఫ్రేము పెట్టి, చెవుల దగ్గర సరిచేస్తోంది.

"వెళ్లి చెప్పు, నువ్వే కరెక్టు అని" అన్నాను.

"ఆమెకి తెలుసుగా. ఆమెకి ఎప్పుడూ తెలుసు. తెలియంది నాకే" అన్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాం.

ఆ చలికాలంలో పోయాడు. నిద్రలో పోయాడని అందరూ అదృష్టవంతుడన్నారు. కబురు ఎలా అందిందో, కొన్నాళ్లకి డాక్టరమ్మ వచ్చింది. ఇంకా సన్నబడింది. ఆ మొదటి పళ్లెం సంస్థవాళ్లు తుక్కులో పడేస్తుంటే మావయ్య అడిగి తెచ్చుకున్నాడు. నా బట్టల బీరువా మీద ఉంటే దించి ఆమె ఒళ్లో పెట్టాను. రెండో పళ్లెం సంగతి, సుత్తిదెబ్బల సంగతి చెప్పాను. అన్నీ విని తలూపింది.

"ఎక్కడక్కా ఆ గుంట?" అంది.

పెన్సిలు గుర్తు ఎప్పుడో చెరిగిపోయింది. రెండు చివరలూ ఒకేలా ఉన్నాయి, అది ఏ చివరో కూడా తెలియలేదు. ఆమె కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో తిప్పి చూసింది. కళ్లు మూసుకుని చూపుడువేలితో గోడంతా తడిమింది. మళ్లీ తడిమింది. నేనూ తడిమాను, నూలుపోగు ముడిని చీకట్లో పట్టుకునే వేళ్లు నావి. మొదటినుంచి చివరిదాకా నున్నగానే ఉంది.

"లేదు" అంది ఆమె. "ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"ఆయనకి తెలిసేది" అన్నాను.

ఆమె పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని, ఇంకా వెతుకుతూనే ఉంది.